అడక్కుండా మీ ఫోన్ కంపెనీని మార్చేస్తే: అమెరికాలోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

2001 వేసవిలో మా అత్తగారు మొదటిసారి న్యూజెర్సీ వచ్చారు. పగలంతా ఇంట్లో ఒక్కరే. ఫోన్ మోగితే తీయకుండా ఉండలేకపోయేవారు, ఇండియా నుంచి ఎవరైనా చేశారేమోనని. అవతల ఎవరో ఇంగ్లీషులో గబగబా మాట్లాడితే మర్యాదగా "యెస్, యెస్" అని పెట్టేసేవారు. ఆ తర్వాత వచ్చిన బిల్లులో మేమెప్పుడూ పేరు కూడా వినని ఒక లాంగ్ డిస్టెన్స్ కంపెనీ కనిపించింది. ఇండియా కాల్స్ కోసం మేం తీసుకున్న డిస్కౌంట్ ప్లాన్ ఎగిరిపోయింది. నిమిషానికి అంతకుముందు పడేదానికి రెట్టింపు పైనే వేశారు. గొడవెందుకులే అని మొత్తం కట్టేశాం. అత్తగారు మాత్రం అదంతా తన వల్లేనని కుమిలిపోయి, తిరిగి వెళ్లేదాకా ఫోన్ ముట్టుకోలేదు.

మేం ఆ డబ్బు కట్టనక్కర్లేదు. దానికి సంబంధించిన నియమం అప్పటికే అమల్లో ఉంది. ఆవిడ అన్న "యెస్" చట్టం ముందు చెల్లదు కూడా. ఈ రెండూ తెలియక ఆవిణ్ణి అంత బాధపడనిచ్చామే అని నాకు ఇప్పటికీ బాధ. అందుకే తెలిసినవాళ్ల బిల్లులు చూసిపెట్టడం మొదలుపెట్టాను. ల్యాండ్‌లైన్లు తగ్గడంతో ఈ మోసమూ బాగా తగ్గింది. కానీ పెద్దవాళ్ల ఇళ్లల్లో, మోటెళ్లలో, రెస్టారెంట్లలో, చిన్న క్లినిక్‌లలో ఆ ఫోన్లు ఇంకా ఉన్నాయి. నన్ను అడిగే ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి.

స్లామింగ్ అంటే ఏమిటి?

మీ అనుమతి లేకుండా మీ ల్యాండ్‌లైన్‌కి సర్వీసు ఇచ్చే కంపెనీని మార్చేయడాన్ని అమెరికాలో స్లామింగ్ అంటారు. లాంగ్ డిస్టెన్స్ కంపెనీని మార్చినా, లోకల్ టోల్ (చుట్టుపక్కల కాస్త దూరపు ఊళ్ల కాల్స్) కంపెనీని మార్చినా, ఏకంగా లోకల్ కంపెనీనే మార్చినా అది స్లామింగే. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ద్వారా వచ్చిన సెక్షన్ 258 దీన్ని నిషేధించింది. ఆ సెక్షన్ కింద నియమాలు రాసేది, జరిమానాలు వేసేది ఎఫ్‌సీసీ, అంటే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్.

కొత్త కంపెనీ రేటు తక్కువే అయినా సరే, మిమ్మల్ని అడక్కుండా మారిస్తే తప్పే. "మీకు లాభమే కదా మేడమ్" అని వాదించేవాళ్లున్నారు. లాభమో నష్టమో తేల్చుకోవాల్సింది మీరు.

అసలు ఒకే ఫోన్‌కి రెండు మూడు కంపెనీలు ఎందుకు?

1984 జనవరి 1 దాకా అమెరికాలో ఫోన్ అంటే దాదాపుగా ఏటీ అండ్ టీయే. ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసు పర్యవసానంగా ఆ రోజున అది విడిపోయింది. లోకల్ సర్వీసు ఏడు ప్రాంతీయ కంపెనీల చేతికి వెళ్లింది, లాంగ్ డిస్టెన్స్ ఏటీ అండ్ టీ దగ్గర ఉండిపోయింది. ఎంసీఐ, స్ప్రింట్ లాంటి పోటీ లాంగ్ డిస్టెన్స్ కంపెనీలకు కూడా సమాన అవకాశం ఇవ్వాలి కాబట్టి, 1 నొక్కి నంబరు తిప్పితే ఆ కాల్ ఏ కంపెనీ ద్వారా వెళ్లాలో కస్టమరే ముందుగా ఎంచుకునే పద్ధతి తెచ్చారు. మీ లోకల్ కంపెనీలో కాల్స్ కలిపే స్విచ్చిలో మీ నంబరుకి ఎదురుగా మీరు ఎంచుకున్న కంపెనీ కోడ్ ఉంటుంది. ఫోన్ కంపెనీల వాళ్లు దాన్ని పిక్ కోడ్ అంటారు.

లోకల్ టోల్ అనేది లోకల్, లాంగ్ డిస్టెన్స్ రెంటికీ మధ్యలోది. మీ ప్రాంతంలోనే ఉన్నా, లోకల్ కాల్ కిందికి రానంత దూరంలో ఉన్న ఊళ్లకి చేసే కాల్స్ ఇవి. దీనికీ విడిగా ఒక కోడ్ ఉంటుంది. ఒక్కోసారి ఈ కోడ్ ఒక్కటే మార్చేస్తారు. ఇండియా కాల్స్ రేటు మారదు కాబట్టి మనవాళ్లు గమనించరు.

నన్ను అడక్కుండా ఎలా మార్చగలరు? మా లోకల్ కంపెనీ ఎందుకు ఆపదు?

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీని జవాబు తెలిస్తే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

కోడ్ మార్చేది లోకల్ కంపెనీ. మార్చమని ఆర్డర్ పంపేది కొత్త కంపెనీ. ఆర్డర్ వచ్చాక లోకల్ కంపెనీ ఆలస్యం చెయ్యకుండా మార్చాలి. మీకు ఫోన్ చేసి "నిజంగా మారుతున్నారా?" అని సరిచూసుకోకూడదు. సరిచూడకూడదని ఎఫ్‌సీసీ నియమాల్లోనే రాసి ఉంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ దానికో కారణం ఉంది. 1996 చట్టం తర్వాత లోకల్ కంపెనీలు కూడా లాంగ్ డిస్టెన్స్ అమ్ముకోవడానికి దారి ఏర్పడింది. వెళ్లిపోతున్న ప్రతి కస్టమర్‌కీ ఫోన్ చేసి అడిగే వీలిస్తే, "మా దగ్గరే ఉండండి, ఇంకా తగ్గిస్తాం" అని పోటీ కంపెనీలకు అడ్డు పడతారని భయం. అందుకే కస్టమర్ ఒప్పుకున్నారా లేదా అన్నది నిర్ధారించే పని ఆర్డర్ పంపే కంపెనీకే అప్పగించారు. నిజాయితీ ఉన్న కంపెనీ అయితే ఇబ్బంది లేదు. లేకపోతే కంచే చేను మేసినట్టే.

దీనికి రీసెల్లర్లు తోడయ్యారు. వీళ్లకి సొంత నెట్‌వర్క్ ఉండదు. పెద్ద కంపెనీల దగ్గర నిమిషాలు టోకున కొని చిల్లరగా అమ్ముతారు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. బిల్లు కూడా సొంతంగా పంపనక్కర్లేదు, మీ లోకల్ కంపెనీ కవరులోనే ఒక పేజీగా వచ్చేస్తుంది. తెలిసిన కంపెనీ కవరే కదా అని మనం మొత్తం చూసి చెక్కు రాసేస్తాం.

1997లో ఒక్క ఎఫ్‌సీసీకే 20 వేలకు పైగా స్లామింగ్ ఫిర్యాదులు వెళ్లాయి. ఆ మరుసటి ఏడు డేనియల్ ఫ్లెచర్ అనే వ్యక్తి రకరకాల పేర్లతో నడిపిన కంపెనీల మీద ఎఫ్‌సీసీ 56 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేసి, వాటి అనుమతి రద్దు చేసింది. అలాగని చిన్నవాళ్లే ఇలా చేస్తారనుకోకండి. 2000లో ఎంసీఐ వరల్డ్‌కామ్ ఇలాంటి ఆరోపణల మీదే 35 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

మనల్ని ఎలా బుట్టలో వేస్తారు?

పాత పద్ధతి చెక్కు. పోస్టులో మీ పేరు మీద ఓ చెక్కు వస్తుంది. వెనక సంతకం చేసి బ్యాంకులో వేస్తే, కంపెనీ మార్చడానికి ఒప్పుకున్నట్టే. ఇది పూర్తిగా చట్టవిరుద్ధం కాదు. కాకపోతే ఆ సంగతి చెక్కు ముందువైపు పెద్ద అక్షరాల్లో, వెనక సంతకం దగ్గర కూడా కనిపించేలా ఉండాలి. చదవకుండా చెక్కు వేసుకుంటే తర్వాత స్లామింగ్ అనడానికి వీలుండదు.

లాటరీ ఫారాలు ఇంకో రకం. షాపింగ్ మాల్‌లో "కారు గెలుచుకోండి" అని పెట్టె పెడతారు, కింద సన్నటి అక్షరాల్లో కంపెనీ మార్పు ఉంటుంది. ఇది చెల్లదు. కంపెనీ మార్పుకి రాసిచ్చే ఉత్తరాన్ని లాటరీతో, బహుమతితో కలపకూడదని నియమం. అది విడి కాగితంగా, ఆ ఒక్క పని కోసమే ఉండాలి.

ఫోన్‌లో అయితే చాలాసార్లు మీ సొంత కంపెనీ పేరే చెబుతారు. "బిల్లు తగ్గిస్తున్నాం", "రెండు బిల్లులు ఒకటి చేస్తున్నాం", "మీ ప్లాన్ అప్‌గ్రేడ్ చేస్తున్నాం" అంటారు. కంపెనీ మారుస్తున్నాం అన్న ఒక్క మాట మాత్రం రానివ్వరు.

నన్ను బాగా కలవరపెట్టిన కేసు 2016 నాటిది. నాలుగు కంపెనీల మీద ఎఫ్‌సీసీ 2 కోట్ల 96 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. లాటిన్ అమెరికన్ ఇంటిపేర్లున్నవాళ్లను ఏరి ఫోన్ చేశారని, పార్సెల్ డెలివరీ గురించి అన్నట్టు మాట్లాడి వాళ్ల గొంతు రికార్డు చేసుకున్నారని, ఆ ముక్కలతో దొంగ ఒప్పుకోలు తయారుచేశారని అభియోగం. ఇంటిపేరు చూసి, ఇంగ్లీషు అంతగా రాదని అంచనా వేసి పట్టుకున్నారన్నమాట. ఇది చదివినప్పుడు నాకు మా అత్తగారే కళ్ల ముందు మెదిలారు.

పాత రోజుల వింత ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. 1990లలో టెక్సాస్‌కు చెందిన ఒక సంస్థ "ఐ డోంట్ కేర్", "ఇట్ డజంట్ మేటర్" అనే పేర్లతో లాంగ్ డిస్టెన్స్ కంపెనీలు రిజిస్టర్ చేసింది. ఆపరేటర్ "ఏ కంపెనీ ద్వారా కలపమంటారు?" అని అడిగితే, జనం "ఐ డోంట్ కేర్", అంటే "ఏదైతే ఏంలే" అంటారు కదా. ఆ కాల్ వీళ్ల ద్వారా వెళ్లేది. ఇది స్లామింగ్ కాదు కానీ, మనం ఆలోచించకుండా అనే మాటల మీద ఎలా కాచుక్కూర్చుంటారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మా అమ్మ "యెస్" అంది. ఒప్పుకున్నట్టే లెక్కా?

కాదు. దయచేసి ఈ జవాబు మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి.

ఫోన్‌లో అమ్మితే, సాధారణంగా ఆ ఒప్పుకోలును సంబంధం లేని మూడో సంస్థ నిర్ధారించాలి. ఆ సంస్థ అమ్మే కంపెనీది కాకూడదు, "అవును" అనిపించినందుకు కమిషన్ తీసుకునేది కాకూడదు. లైను కలిపాక సేల్స్ మనిషి తప్పుకోవాలి. నిర్ధారించేవాళ్లు చాలా విషయాలు అడగాలి: మీరెవరు, ఈ ఫోన్ మీద నిర్ణయం తీసుకునే అధికారం మీకుందా, కంపెనీ మార్చాలని మీరే కోరుకుంటున్నారా, ఇది అప్‌గ్రేడ్ కాదు, బిల్లులు కలపడం కాదు, కంపెనీ మార్పు అని మీకు అర్థమైందా, ఏ నంబరుకి, ఏ సర్వీసుకి మారుస్తున్నారు. ఇదంతా మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేసి, రెండేళ్లు దాచాలి.

మన పెద్దవాళ్లకి బాగా పనికొచ్చే నియమం ఇంకోటి ఉంది. అమ్మకం ఏ భాషలో జరిగితే నిర్ధారణ కూడా అదే భాషలో జరగాలి. హిందీలోనో తెలుగులోనో తియ్యగా మాట్లాడి ఒప్పించి, ఆ తర్వాత ఇంగ్లీషు రికార్డింగ్‌కి "యెస్" అనిపిస్తే అది నియమం తప్పినట్టే.

ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మానాన్నల పేరు ఫోన్ ఖాతాలో ఉండదు. మీరు ప్రత్యేకంగా అధికారం ఇస్తే తప్ప వాళ్లకి కంపెనీ మార్చే హక్కు లేదు. లేని హక్కుతో అన్న "యెస్"కి విలువ లేదు.

2018 జూన్‌లో ఎఫ్‌సీసీ ఇంకో అడుగు వేసింది. సేల్స్ కాల్‌లో అబద్ధం చెప్పి ఒప్పిస్తే, ఆ తర్వాత నిర్ధారణ కాల్ ఎంత పద్ధతిగా జరిగినా ఆ ఒప్పుకోలు చెల్లదని తేల్చింది. ఈ నిర్ధారణ పద్ధతిని దుర్వినియోగం చేసిన కంపెనీ ఐదేళ్ల పాటు దాన్ని వాడకూడదు.

మార్చేశారని ఎలా తెలుసుకోవాలి?

మీ ల్యాండ్‌లైన్ నుంచి 1-700-555-4141 తిప్పండి. మీ లాంగ్ డిస్టెన్స్ కంపెనీ పేరు రికార్డింగ్‌లో వినిపిస్తుంది. లోకల్ టోల్ కంపెనీ తెలియాలంటే 1, మీ ఏరియా కోడ్, 700-4141.

ఈ పరీక్షకు ఒక లోపం ఉంది. రీసెల్లర్ ఒక పెద్ద కంపెనీ నెట్‌వర్క్‌నే, దాని కోడ్‌నే వాడుకుంటుంటే రికార్డింగ్‌లో ఆ పెద్ద కంపెనీ పేరే వినిపించవచ్చు. మీరు ఆ కంపెనీ కస్టమరే అయితే అంతా సవ్యంగా ఉన్నట్టు అనిపిస్తుంది. దీన్ని సాఫ్ట్ స్లామ్ అంటారు. అందుకే బిల్లు చూడక తప్పదు. కొత్త కంపెనీ మీకు చార్జీ వేస్తే బిల్లులో ఆ సంగతి స్పష్టంగా కనిపించాలని నియమం ఉంది. మొదటి పేజీలో మొత్తం చూసి వదిలెయ్యకుండా, లాంగ్ డిస్టెన్స్ పేజీ పైన ఉన్న పేరు ప్రతి నెలా చూడండి. అర నిమిషం పని.

"మా సర్వీసుకు స్వాగతం" అని తెలియని కంపెనీ నుంచి ఉత్తరం వస్తే చెత్తబుట్టలో వెయ్యకండి. మీకు అందిన మొదటి సాక్ష్యం అదే కావచ్చు.

తెలిసిన రోజే ఏం చెయ్యాలి?

టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం చెయ్యకండి. ముందు లోకల్ కంపెనీకి ఫోన్ చేసి, మీ అనుమతి లేకుండా మార్చారని చెప్పి పాత కంపెనీకి తిరిగి మార్చమనండి. స్లామింగ్ అనే మాటే వాడండి, అవతలివాళ్లకి వెంటనే అర్థమవుతుంది. మార్చినందుకు, తిరిగి మార్చినందుకు పడే ఫీజు మీరు భరించనక్కర్లేదు.

ఆ తర్వాత మీ పాత కంపెనీకి చెయ్యండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "మళ్లీ చేర్చుకోండి" అంటే సరిపోదు, "నా పాత ప్లానే మళ్లీ పెట్టండి" అని అడగాలి. లేకపోతే ఇండియా డిస్కౌంట్ లేని మామూలు రేటు మీద పడతారు. మాకు సరిగ్గా అదే జరిగింది. స్లామ్ చేసిన కంపెనీ తీసుకున్నదానికి తోడు, తిరిగొచ్చాక ఇంకో నెల కూడా ఎక్కువ కట్టాం.

ఆఖర్న స్లామ్ చేసిన కంపెనీకి చెయ్యండి. మొదటి 30 రోజుల చార్జీలు కట్టడం లేదని, తీసేయమని చెప్పండి. వాళ్లతో వాదించక్కర్లేదు. మాట్లాడిన ప్రతివారి పేరు, తేదీ, టైము ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ బిల్లు కట్టాలా?

ఇంకా కట్టకపోతే, కంపెనీ మారిన రోజు నుంచి 30 రోజుల లోపు జరిగిన కాల్స్‌కి ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. స్లామ్ చేసిన కంపెనీకీ అక్కర్లేదు, మీ పాత కంపెనీకీ అక్కర్లేదు. 30 రోజుల తర్వాతి కాల్స్‌కి మాత్రం మీ పాత కంపెనీకి, దాని రేటు ప్రకారం కట్టాలి. కోర్టు వివాదాలన్నీ దాటుకుని ఈ నియమాలు 2000 చివర్లో అమల్లోకి వచ్చాయి.

బిల్లులో మిగతా భాగం గడువు లోపు కట్టెయ్యండి. ఆపాల్సింది స్లామింగ్ చార్జీలు మాత్రమే.

నేను కట్టేశానే. డబ్బు పోయినట్టేనా?

పోలేదు, కానీ దారి కాస్త పొడుగు. స్లామింగ్ రుజువైతే, మీ దగ్గర తీసుకున్నదానికి ఒకటిన్నర రెట్లు ఆ కంపెనీ మీ పాత కంపెనీకి కట్టాలి. పాత కంపెనీ అందులోంచి, మీరు కట్టినదానిలో సగం మీకు ఇవ్వాలి. మీరు 100 డాలర్లు కట్టారనుకుందాం. పాత కంపెనీకి 150 వస్తుంది, మీకు 50 వస్తుంది.

సగం కన్నా మీ నష్టం ఎక్కువైతే ఇంకో మార్గముంది. అదే 100 డాలర్ల కాల్స్ మీ పాత ప్లాన్‌లో అయితే 30 డాలర్లే అయ్యేవనుకోండి. అప్పుడు మీ నష్టం 70. పాత కంపెనీని దాని రేటు ప్రకారం లెక్క మళ్లీ వేసి తేడా ఇమ్మని అడగవచ్చు. ఇండియా కాల్స్ ఎక్కువగా చేసేవాళ్లకి తేడా ఇలాగే ఉంటుంది, తప్పకుండా అడగండి.

అయితే ఇదంతా స్లామ్ చేసిన కంపెనీ ఆ డబ్బు కట్టినప్పటి మాట. బోర్డు తిప్పేసిన కంపెనీ నుంచి రాబట్టడం కష్టం. కట్టకముందే బిల్లు చూసుకోమని నేను పట్టుబట్టేది అందుకే.

కంపెనీ వాళ్లు "మా దగ్గర మీ రికార్డింగ్ ఉంది" అంటున్నారు. నేనేం చెయ్యగలను?

"అయితే ఎఫ్‌సీసీకి పంపండి" అనండి. మీరు ఫిర్యాదు చేశాక కంపెనీకి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు చెల్లే నిర్ధారణ రుజువు చూపించాలి. చూపించకపోయినా, జవాబే ఇవ్వకపోయినా తప్పు చేసినట్టే లెక్క. మీరు ఒప్పుకోలేదని మీరు నిరూపించనక్కర్లేదు. ఒప్పుకున్నారని వాళ్లే నిరూపించాలి.

రికార్డింగ్ వినిపించమని మీరూ అడగండి. విన్నప్పుడు ఆ గొంతు ఎవరిది, పేరు సరిగ్గా చెప్పారా, పుట్టిన తేదీ సరిపోయిందా, ప్రశ్నకీ జవాబుకీ మధ్య అతుకు ఏమైనా వినిపిస్తోందా, సేల్స్ మనిషి మధ్యలో అందిస్తున్నాడా అన్నవి చూడండి. నేను విన్న ఒక రికార్డింగ్‌లో, ఎనభై ఏళ్లు దాటిన తెలుగావిడ పేరు మీద ముప్పై ఏళ్ల మగ గొంతు చక్కటి అమెరికన్ యాసలో సమాధానాలు చెప్పింది. ఆ ఒక్క మాట రాసి పంపాక వాళ్లు చార్జీలన్నీ తీసేశారు.

ఫిర్యాదు ఎక్కడ? మేం హెచ్1బీ మీద ఉన్నాం, ఏమైనా ఇబ్బందా?

ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని వినియోగదారుల ఫిర్యాదుల పేజీలో ఇవ్వవచ్చు, లేదా 1-888-225-5322కి ఫోన్ చెయ్యవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. కొన్ని రాష్ట్రాల్లో ఈ ఫిర్యాదులను ఫోన్, కరెంటు లాంటి సేవలను చూసే రాష్ట్ర యుటిలిటీ కమిషనే విచారిస్తుంది. బిల్లు కాపీ జత చెయ్యండి, కట్టారో లేదో రాయండి.

వీసా సంగతికొస్తే, ఇది ఫోన్ బిల్లు మీద ఫిర్యాదు. మీ ఇమ్మిగ్రేషన్ హోదా ఎవరూ అడగరు. "మన దేశం కాదు, మనకెందుకు" అని మాట్లాడకుండా ఊరుకున్న కుటుంబాలను ఎన్నో చూశాను. చట్టం చెప్పేది సబ్‌స్క్రయిబర్, అంటే ఫోన్ ఖాతాదారు గురించి. గ్రీన్ కార్డు ఉన్నా, స్టూడెంట్ వీసా మీద ఉన్నా ఆ రక్షణ మీకూ ఉంది.

ముందే అడ్డుకునే మార్గం ఉందా?

ఉంది, దాన్ని ఫ్రీజ్ అంటారు. లోకల్ కంపెనీకి చెప్పి మీ ఖాతా మీద ఫ్రీజ్ పెట్టించుకుంటే, వేరే కంపెనీ ఆర్డర్ పంపినా మారదు. మీరే స్వయంగా ఫ్రీజ్ తీయమనాలి. సేల్స్ మనిషి మీ తరఫున తీయించలేడు. మీరు లైన్లో ఉండి ముగ్గురూ మాట్లాడుకుంటే మాత్రం కుదురుతుంది. లోకల్, లోకల్ టోల్, లాంగ్ డిస్టెన్స్ మూడింటికీ విడివిడిగా పెట్టాలి కాబట్టి మూడూ అడగండి. ప్రతి కంపెనీ ఈ సౌకర్యం ఇచ్చి తీరాలన్న నియమం లేదు, కనుక్కోవాలి.

పైన చెప్పిన సాఫ్ట్ స్లామ్‌ని ఫ్రీజ్ ఆపలేదు, ఎందుకంటే అక్కడ కోడ్ మారదు. అయినా పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంటికి ఫ్రీజ్ పెట్టించమనే నా సలహా. తరచూ మంచి రేటు కోసం కంపెనీలు మార్చే అలవాటున్నవాళ్లకి మాత్రం ప్రతిసారీ తీయించడం విసుగ్గా ఉంటుంది.

మా మోటెల్, రెస్టారెంట్ ఫోన్లకి ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. నిజానికి స్లామ్ చేసేవాళ్లకి వ్యాపారాలంటే మరీ ఇష్టం. లైన్లు ఎక్కువ, ఫోన్ ఎవరు తీస్తారో తెలియదు, బిల్లు అకౌంటెంట్ చూస్తాడు. ఫోన్ కంపెనీ విషయం ఎవరు మాట్లాడాలో ఒకరి పేరు నిర్ణయించి, కౌంటర్ దగ్గర ఉండేవాళ్లందరికీ చెప్పండి. మిగతావాళ్లు "ఓనర్ లేరు" అని పెట్టేస్తే చాలు.

సెల్‌ఫోన్‌కి కూడా జరుగుతుందా?

ఇదే రూపంలో జరగదు. సెల్ కంపెనీలు లాంగ్ డిస్టెన్స్‌ని విడిగా ఎంచుకునే అవకాశం ఇవ్వనక్కర్లేదు కాబట్టి ఈ నిర్ధారణ నియమాలు వాటికి లేవు. అక్కడి ప్రమాదం వేరు, ఇంకా పెద్దది. మీ నంబరునే దొంగిలించి వేరే సిమ్‌కో వేరే కంపెనీకో మార్చుకుని, బ్యాంకు ఓటీపీలు కాజేస్తారు. దీని మీద ఎఫ్‌సీసీ 2023 నవంబరులో నియమాలు ఆమోదించింది. మీ సెల్ కంపెనీ యాప్‌లో నంబర్ లాక్ ఉంటే ఈరోజే పెట్టుకోండి.

బిల్లులో కంపెనీ మారలేదు, కానీ తెలియని చార్జీ ఉంది. ఇదీ స్లామింగేనా?

కాదు, దాన్ని క్రామింగ్ అంటారు. అడగని వాయిస్ మెయిల్, అడగని సభ్యత్వం లాంటివి బిల్లులో ఇరికించడం. దీనికీ ఎఫ్‌సీసీకే ఫిర్యాదు చెయ్యవచ్చు.

ఇండియాలో మా అమ్మానాన్నల ఫోన్‌కి ఇలా చెయ్యగలరా?

అక్కడ పద్ధతి వేరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం మొబైల్ నంబరు పోర్ట్ కావాలంటే, అంటే అదే నంబరుతో వేరే కంపెనీకి మారాలంటే, ముందు ఆ ఫోన్ నుంచే 1900కి మెసేజ్ వెళ్లాలి. దానికి జవాబుగా వచ్చే ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ కొత్త కంపెనీకి ఇవ్వాలి. అంటే తాళంచెవి కస్టమర్ చేతిలోనే ఉంటుంది. అమెరికా ల్యాండ్‌లైన్ పద్ధతిలో లేనిది సరిగ్గా ఇదే. 2024 జులై 1 నుంచి, సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా యూపీసీ ఇవ్వరు. అయినా విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకి ఒక మాట చెప్పి ఉంచండి: షాపులో ఎవరైనా "ఫోన్ ఇటివ్వండి, రీచార్జ్ చేసి ఇస్తాను" అని తీసుకుని 1900కి మెసేజ్ పెట్టకుండా చూసుకోమని, వచ్చిన కోడ్ ఎవరికీ చదివి చెప్పొద్దని.

ఇక్కడ ఇంట్లో ఒంటరిగా ఉండే అత్తగారికి, అమ్మకి ఏం చెప్పి పెట్టాలి?

ఫోన్ తీయొద్దని మాత్రం చెప్పకండి. వాళ్లకి పగలంతా అదొక్కటే తోడు. ఫోన్ పక్కన పెద్ద అక్షరాలతో, తెలుగులో ఒక కాగితం అంటించండి. మా ఇంట్లో నేను అంటించిన కాగితం ఇది:

"తెలియని మనిషి ఇంగ్లీషులో మాట్లాడితే యెస్ అనొద్దు. నో, నాట్ మై ఫోన్, కాల్ ఈవెనింగ్ అనాలి. పేరు, పుట్టిన తేదీ చెప్పొద్దు. అమెరికన్ కంపెనీ నుంచి ఏ ఉత్తరం వచ్చినా బల్ల మీద పెట్టాలి, పారెయ్యొద్దు. పొరపాటున యెస్ అన్నా భయం లేదు. సాయంత్రం మాకు చెబితే చాలు."

చివరి రెండు వాక్యాలూ తర్వాత చేర్చాను. 2003లో మా అత్తగారు రెండోసారి వచ్చినప్పుడు ఆ కాగితం చదివి, "ఇది ముందే చెప్పి ఉంటే బావుండేది కదమ్మా" అన్నారు. ఆ మర్నాటి నుంచి ఫోన్ మోగితే మళ్లీ ఆవిడే తీశారు.